కిటికీలు వెలగాలి, గోడలు వెలగకూడదు: ప్లాస్టిక్ అంతరిక్ష నౌకకు లైటింగ్, ఫినిషింగ్

అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. బల్ల మీద చూడండి, 1/1000 స్కేలు అంతరిక్ష నౌక. కథలో 300 మీటర్ల పొడవుండే నౌక ఇక్కడ 30 సెంటీమీటర్లు. ఈ లెక్క మనసులో పెట్టుకోండి, వీడియో అంతా దీంతోనే పని.

పోయిన వీడియో చూసి కర్నూలు తమ్ముడొకడు ఫోటో పంపినాడు. నౌక చక్కగా అతికించినాడు, రంగు వేసినాడు, లోపల తెల్ల ఎల్ఈడీలు పెట్టినాడు. స్విచ్ వేస్తే కిటికీలతో పాటు గోడలు, అతుకులు, రెక్కల మొదళ్ళు, అన్నీ వెలుగుతున్నాయి. "అన్నా, ఎల్ఈడీలు తగ్గించాలా, పెంచాలా?" అని అడిగినాడు. తమ్ముడూ, ఎల్ఈడీలను ముట్టుకోవద్దు. నీ నౌకలో వెలుతురు సరిపోయేంత ఉంది. లేనిది చీకటి. లైటింగ్ పనిలో ముప్పాతిక భాగం వెలుతురును ఆపడమే. ఆ మాట మీదే ఈ రోజు కూర్చుందాం.

ముందు ప్లాస్టిక్ సంగతి. విడి భాగాలుగా వచ్చే ఈ మోడల్ కిట్లను ఎక్కువగా పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో పోత పోస్తారు. గోడ మందం ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటరు, అంతే. తెలుపు, లేత బూడిద రంగు ప్లాస్టిక్ పగలు చూస్తే గట్టి గోడ మాదిరే కనిపిస్తుంది. రాత్రి గది లైటు ఆర్పేసి, మొబైల్ టార్చ్ లోపలి నుంచి పెట్టి చూడండి. ఇదిగో, నేను పెడుతున్నా. నా వేళ్ళ నీడలు కూడా బయటికి కనిపిస్తున్నాయి కదా? బయట ఎన్ని పూతలు రంగు వేసినా, మామూలు బూడిద రంగు ఈ వెలుతురును పూర్తిగా ఆపలేదు. ఆపేది నలుపే, అదీ లోపలి వైపు నుంచి.

మన జిల్లాల వాళ్ళకు ఈ విషయం కొత్త కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మను దగ్గరగా చూసినారా ఎప్పుడైనా? మేకతోలును వెంట్రుక లేకుండా గీకి గీకి పలుచన చేస్తారు, వెనక దీపం పెడితే రంగు ముందుకు రావాలని. తర్వాత చిల్లులు కొడతారు. సీతమ్మ మెడలో హారం, నడుముకు వడ్డాణం, చీర అంచు, అంతా సన్న చిల్లులు. తెర మీద ఆ నగలు మెరుస్తాయి. నగలకోసమని వేరే దీపం ఉండదు, ఉన్న దీపమే. తోలు కొంత వెలుతురును పట్టి ఉంచుతుంది, చిల్లు వదిలేస్తుంది, ఆ తేడాయే మెరుపు. ఇంకో సంగతి గమనించండి. చిల్లులు ఒళ్ళంతా కొట్టరు. నగ ఉన్నచోట గుంపుగా, తక్కినచోట ఖాళీగా వదుల్తారు. నౌకకు కిటికీలు తొలిచే ముందు నిమ్మలకుంట బొమ్మ ఒకటి కిటికీకి అడ్డం పట్టి చూడండి, యాడ తొలవాలో, యాడ వదలాలో తెలుస్తుంది. మన పనిలో తేడా ఒకటే, ఇక్కడ తోలు కూడా వెలగకూడదు.

సరే, పనిలోకి పోదాం. రెండు సగాలూ అతికించక ముందే లోపలంతా మ్యాట్ నలుపు, అంటే మెరుపు లేని నల్ల రంగు. రెండు పలుచని పూతలు, మధ్యలో బాగా ఎండనివ్వండి. టార్చ్ పరీక్ష మళ్ళీ చేయండి. చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపిస్తే అక్కడ బ్రష్‌తో అద్దండి. నలుపు పూర్తయినాక దాని మీద తెలుపు వేయండి. "నలుపు మీద మళ్ళీ తెలుపు ఎందుకన్నా" అంటారు. నలుపు వెలుతురును మింగేస్తుంది. తెలుపు ఉంటే ఒక ఎల్ఈడీ వెలుతురు గోడలకు కొట్టుకుని గదంతా సమంగా పరుచుకుంటుంది, కిటికీలన్నీ ఒకే తీరుగా వెలుగుతాయి. తెలుపు లేకపోతే ఎల్ఈడీ ఎదురుగా ఉన్న కిటికీ కళ్ళు చెదిరేటట్లు, పక్కది మసకగా ఉంటుంది. వెండి రంగు కూడా పనిచేస్తుంది కానీ నాకు తెలుపే నచ్చుతుంది, వెలుతురు మెత్తగా వస్తుంది.

ఒక్క జాగ్రత్త. అతుకు పడే అంచుల మీద రంగు పడకూడదు, సన్న టేపు అంటించి ఆపండి. ప్లాస్టిక్ సిమెంటు మామూలు గమ్ కాదు. అది రెండు అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది. మధ్యలో రంగు ఉంటే కరిగేది రంగే, అతుకు నిలవదు. ఇక అతుకు గుండా వెలుతురు కారకుండా ఏం చేయాలి? కిట్‌లో భాగాలు తగిలించి ఉండే చట్రం, రన్నర్ అంటాం కదా, దాని ముక్కలు పారేయొద్దు. సన్నగా తరిగి పలుచని సిమెంటు సీసాలో వేసి ఒక రాత్రి ఉంచండి, చిక్కటి పేస్ట్ అవుతుంది. దాన్ని అతుకు లోపలి వైపు గీతలాగా పూయండి. ఎండినాక దాని మీద నలుపు. బయటి పుట్టీ కంటే ఇది గట్టి, ఎందుకంటే ఇది అదే ప్లాస్టిక్.

ఇప్పుడు కిటికీలు. 1/1000 స్కేలులో అర మిల్లీమీటరు చిల్లు అంటే అర మీటరు కిటికీ. మనిషి ఎత్తు 1.7 మిల్లీమీటర్లు. కాబట్టి ఒక మిల్లీమీటరు బిట్టు పెట్టి తొలిచేస్తే అది కిటికీ కాదు, వాకిలి. 0.5 బిట్టు, చేత్తో తిప్పే పిన్ వైస్. కరెంటు డ్రిల్లు వద్దు, వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్టుకు చుట్టుకుంటుంది. ముందు సూదిమొనతో చిన్న గుంట పెట్టండి, బిట్టు జారదు. ఒకే వరసలో తొలవాలంటే పలుచని టేపు ఒకటి గీతలాగా అంటించి దాని అంచు వెంబడే పోండి.

అన్ని కిటికీలూ తొలవద్దు. నౌకలో మనుషులు ఉంటున్నారు, కొందరు పడుకుని ఉంటారు, కొన్ని గదులు ఖాళీగా ఉంటాయి. మూడింట ఒక వంతు చీకటిగా వదిలితేనే తక్కినవి కిటికీల మాదిరి అనిపిస్తాయి. వరస మొత్తం వెలిగిందంటే పెళ్ళింటి సీరియల్ సెట్టే కనిపిస్తుంది. మనుషులుండే కిటికీలకు వార్మ్ వైట్, అంటే పసుపు ఛాయ తెలుపు, ఇంజిన్‌కు కూల్ వైట్, అంటే నీలి ఛాయ తెలుపు, లేదా నీలం పెట్టండి. ఈ ఒక్క తేడాతో నౌక ఎంత పెద్దదో కంటికి తెలుస్తుంది.

మూలల్లో, సన్న రెక్కల్లో ఎల్ఈడీ పట్టదు. అక్కడికి ఆప్టికల్ ఫైబర్, అంటే ఒక చివర పడిన వెలుతురును ఇంకో చివరకు మోసే సన్న దారం. పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు సైజుల్లో ప్లాస్టిక్ ఫైబర్ దొరుకుతుంది. ఒక చివర చిల్లులోంచి బయటికి రవ్వంత పొడుగ్గా వదలండి. ఇంకో చివర్లన్నీ కట్టగా చేసి ఒకే ఎల్ఈడీ ముందు నిలబెట్టండి. లోపలి వైపు నుంచి తెల్ల గమ్‌తో అతికించండి. సూపర్ గ్లూ వద్దు, తగిలిన చోట ఫైబర్ పెళుసుబారి విరుగుతుంది. బయటి చివరలను ఇప్పుడే కత్తిరించొద్దు. ఎందుకో చివర్లో చెప్తా.

కరెంటు లెక్క చానామంది భయపడే చోటు. నిజానికి ఒక తీసివేత, ఒక భాగహారం. నౌకకు కరెంటు పాత మొబైల్ ఛార్జర్ నుంచి తీసుకుంటాం, అది ఇచ్చేది 5 వోల్టులు. తెల్ల ఎల్ఈడీ తీసుకునేది సుమారు 3. మిగిలిన 2 వోల్టులను రెసిస్టర్, అంటే కరెంటును అదుపులో పెట్టే చిన్న భాగం, మోయాలి. చానా ఎల్ఈడీలకు 20 మిల్లీయాంపుల దాకా ఇవ్వొచ్చు, కానీ మన నౌకకు 5 చాలు. 2ను 0.005తో భాగిస్తే 400 ఓములు. షాపులో 390 గానీ 470 గానీ దొరుకుతుంది, నేను 470 పెడతా. కిటికీ కంటికి గుచ్చుకోకూడదు కదా. ఎర్ర ఎల్ఈడీ 2 వోల్టులే తీసుకుంటుంది. దానికి మిగిలేది 3, కాబట్టి 600 ఓములు రావాలి, 680 పెట్టండి. తెలుపు, ఎరుపు రెండింటినీ పక్కపక్కన కలిపి ఒకే రెసిస్టర్ వేశారంటే కరెంటంతా ఎరుపే లాక్కుంటుంది, తెలుపు వెలగదు. ప్రతి ఎల్ఈడీకి దాని రెసిస్టర్ దానికి.

తీగల కోసం యాడా పోనక్కర్లేదు. మన ఊళ్ళో మొబైల్ రిపేరు చేసే అన్నలను అడగండి, ఫోన్ బోర్డు మీద తెగిన దారి కలపడానికి వాళ్ళు వాడే జంపర్ వైరు ఇదే. వెంట్రుకంత రాగి తీగ, మీద వార్నిష్ పూత. సోల్డరింగ్ ఐరన్ మొన మీద సీసం బొట్టు కరిగించి, తీగ చివరను అందులో కొంచెంసేపు ముంచితే వార్నిష్ కాలిపోయి రాగి తేలుతుంది. చిన్న ఎల్ఈడీల్లో 0603 అనే సైజు, అంటే 1.6 గుణించు 0.8 మిల్లీమీటర్లు. అంత చిన్న వాటికి సోల్డర్ చేయడం మీకు కష్టమనిపిస్తే ఆ అన్నల దగ్గరే చేయించుకోండి. రోజంతా వాళ్ళు చేసే పని అదే, చేతులు వణకవు.

బ్యాటరీ నౌక లోపల పెట్టి మూసేయడం నాకు ఇష్టం లేదు. అయిపోతే మళ్ళీ పగలగొట్టాల్సిందే. స్టాండు కోసం ఇత్తడి గొట్టం వాడి, తీగలు అందులోంచి కిందికి దించండి, కింద పాత మొబైల్ ఛార్జర్ పెట్టండి. పవర్ బ్యాంకు మాత్రం వద్దు. ఇంత తక్కువ కరెంటు లాగితే ఫోన్ తీసేశారనుకుని చానా పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. నౌకను మూసే ముందు ఒక రాత్రంతా వెలిగించి ఉంచండి. తెల్లారి చూసినాక, అన్నీ వెలుగుతుంటేనే సిమెంటు సీసా మూత తీయండి.

తీగలు దాచే బాధ పెద్దవాళ్ళకూ తప్పలేదు. స్టార్ ట్రెక్ అనే అమెరికా టీవీ సీరియల్ 1966లో మొదలైంది కదా, అందులో ఎంటర్‌ప్రైజ్ నౌకగా చూపించిన మోడల్ 11 అడుగులకు పైనే. దానికి లైట్లు పెట్టినప్పుడు తీగలన్నీ ఎడమ పక్క నుంచి లోపలికి పంపినారు, అందుకని షూటింగ్ అంతా కుడి పక్క నుంచే చేసినారు. ఇంజిన్ల ముందు గోళాల్లో తిరిగే వెలుతురు ఉంటుంది చూడండి, దానికి లోపల మోటారు, క్రిస్మస్ చెట్టుకు కట్టే మినుకు బల్బులు పెట్టినారు. ఆ కాలపు బల్బులకు వేడి ఎక్కువ. ఇప్పుడు ఆ మోడల్ అమెరికాలో వాషింగ్టన్ నేషనల్ ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో ఉంది. 2016లో మరమ్మతు పూర్తి చేసినప్పుడు లోపల ఎల్ఈడీలు పెట్టినారు. అంత పెద్ద స్టూడియో ఒక పక్కను వదులుకుంది. మన చేతిలో వెంట్రుకంత తీగ ఉంది, మనం రెండు పక్కలూ చూపించొచ్చు.

ఇక ఫినిషింగ్. అతుకు గీత 0.2 మిల్లీమీటర్లు మిగిలిందనుకోండి, స్కేలు ప్రకారం అది నౌక పొడవునా 20 సెంటీమీటర్ల గాడి. అది పోవాలి. దీనికి నా దగ్గరున్న మంచి పనిముట్టు కడప రాయి. అవును, వంటింట్లో అలమరకు వేసే నల్ల బండే. నున్నగా పాలిష్ చేసిన ముక్క ఒకటి రాళ్ళ షాపులో అడగండి. దాని మీద 400 నంబరు వాటర్ పేపర్ పరిచి, నీళ్ళు చల్లి, భాగాన్ని దాని మీద రుద్దండి. చేత్తో పేపర్ పట్టుకుని రుద్దితే అంచులు గుండ్రబడతాయి. బండ మీద రుద్దితే చదును చదునుగానే ఉంటుంది. తర్వాత 800, ఆ పైన 1000. వేలు పెట్టి చూస్తే గీత తగలకూడదు. ప్రైమర్ ఒక పూత వేయండి, కంటికి దొరకని గీతలు అప్పుడు బయటపడతాయి.

రంగు కొట్టడంలో మన ఊరి ఎండ గురించి మాట్లాడాల్సిందే. చల్లని దేశాల వాళ్ళ వీడియోలు చూసి వాళ్ళు కలిపినట్టే కలిపితే మన దగ్గర పనికిరాదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటి ఉన్నప్పుడు, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ నుంచి బయటపడిన రంగు చుక్క నౌకను చేరేలోపే గాలిలో ఎండిపోతుంది. చేరేది పొడి. చేత్తో తడిమితే గరుకుగా తగులుతుంది. అందుకని తెల్లవారుజామున కొట్టండి. థిన్నర్ రవ్వంత ఎక్కువ, అందులో రంగును నిదానంగా ఎండనిచ్చే రిటార్డర్ కొన్ని చుక్కలు, ఎయిర్‌బ్రష్ మొన రవ్వంత దగ్గరగా. గాలి పొడి కాబట్టి దుమ్ము లేస్తుంది, గదిలో నేల మీద నీళ్ళు చల్లి అర గంట ఆగి మొదలుపెట్టండి. వాన పడుతున్న రోజు లాకర్ జాతి రంగులు, వార్నిష్ ముట్టుకోవద్దు, తేమకు పాలు విరిగినట్టు తెల్లబడతాయి. మూతికి గుడ్డ కట్టుకుంటే చాలదు, కార్బన్ ఫిల్టరు మాస్కు ఉండాల్సిందే. ఈ ఒక్క విషయంలో ఖర్చుకు వెనకాడొద్దు.

స్టిక్కర్లు, అంటే నీళ్ళలో నానబెట్టి జార్చే డెకాల్స్. ముందు గ్లాసీ, అంటే మెరిసే వార్నిష్ పూత వేసి నున్నగా చేసిన ఒంటి మీదే అంటించండి. గరుకు మీద పెడితే కింద గాలి చిక్కుకుని వెండిలాగా మెరుస్తుంది. నీళ్ళు కూడా చూసుకోండప్పా. మన బోరు నీళ్ళు ఆరితే గిన్నె అడుగున తెల్లటి పొర మిగులుతుంది కదా, అదే పొర డెకాల్ చుట్టూ మిగులుతుంది. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా కొనుక్కోండి.

అంతరిక్షంలో తిరిగే నౌకకు దుమ్ము, మట్టి మరకలు వేయొద్దు. ప్యానెల్ గీతల్లో బూడిద రంగు వాష్, అంటే నీళ్ళలాగా పలుచన చేసిన రంగు, ఇంజిన్ మూతి దగ్గర రవ్వంత మసి, అంతే చాలు. నేల మీద దిగే బండి చేస్తున్నారా, అప్పుడు మన ఎర్రమట్టి తీసుకోండి. పలుచని గుడ్డలో జల్లించి, పెనం మీద వేయించి తేమ తీసేసి, మెత్తని బ్రష్‌తో చక్రాలకు అద్దండి. గండికోట లోయ అంచున నిలబెట్టి ఫోటో తీస్తే వేరే గ్రహమే అనిపిస్తుంది.

చివరగా మ్యాట్ వార్నిష్. ఫైబర్ చివరలను కత్తిరించకుండా ఇంతసేపు ఎందుకు ఆపినానో ఇప్పుడు చూడండి. మ్యాట్ పూత ఫైబర్ చివర మీద పడితే వెలుతురు మసకబారుతుంది. అందుకని పూత పూర్తిగా ఎండినాకే కొత్త బ్లేడు ఒంటికి ఆనించి, పొడుగ్గా వదిలిన ఫైబర్లను ఒక్కొక్కటే కోయండి. రంగు అంటిన ముక్క ఊడిపోతుంది, శుభ్రమైన చివర మిగులుతుంది. ఫైబర్ పెట్టని చిల్లుల్లో, ఎండితే తేటబడే తెల్ల గమ్ టూత్‌పిక్‌తో ఒక బొట్టు పెట్టండి, అద్దం వేసినట్టే. ముందు పాత ముక్క మీద పెట్టి, నిజంగా తేటబడుతుందో లేదో చూసుకోండి.

వచ్చే వీడియోలో ఇంజిన్ గోళంలో తిరిగే వెలుతురు చేద్దాం, మోటారు లేకుండా, ఎల్ఈడీలను ఒకదాని తర్వాత ఒకటి వెలిగించి. దానికి ఎల్ఈడీలను ప్రోగ్రాముతో నడిపే చిన్న ఆర్డునో నానో బోర్డు ఒకటి, ఎర్ర ఎల్ఈడీలు ఆరు, 680 ఓముల రెసిస్టర్లు ఆరు తెచ్చి పెట్టుకోండి. కర్నూలు తమ్ముడూ, నీ నౌక ఇప్పటికే అతికించేసినావు కాబట్టి కింది మూత ఒక్కటి ఊడదీసే వీలుందేమో చూడు, వీలుంటే ఆ సందులోంచి బ్రష్‌తో నలుపు పూయొచ్చు. ఫోటో పంపు, ఏ పక్క నుంచి ఊడదీయాలో చెప్తా.