చెవిలో కీచురాయికి తల వెనక ఇంజెక్షన్: డబ్బు పెట్టొచ్చా?

హాయ్ అండీ, బాగున్నారా? ముందే చెప్పేస్తున్నా, మొదటి ఇంజెక్షన్‌కి ఈ క్లినిక్ వాళ్లు నా దగ్గర రూపాయి తీసుకోలేదు. బదులుగా వీడియో చేయమన్నారు. పేరు మాత్రం చెప్పను, ఎందుకో మీకే అర్థమవుతుంది.

ఈ ఇంజెక్షన్‌ని నర్వ్ బ్లాక్ అంటారు, అంటే నరం పక్కన మత్తుమందు ఇచ్చి దాన్ని కాసేపు మొద్దుబార్చడం. ఈపాటికి నాలుగు వీడియోల్లో చూసే ఉంటారు, మిగతాది వదిలేద్దాం. నా చెవుల్లో కీచురాయి కాపురం పెట్టి రెండేళ్లయింది. అంటే బయట ఏ చప్పుడూ లేకపోయినా చెవిలో మోత, డాక్టర్ల భాషలో టిన్నిటస్. హియరింగ్ టెస్ట్ నార్మల్. జింకో అనే చెట్టు ఆకుల నుంచి చేసే మాత్రలు డబ్బాలు డబ్బాలు మింగాను. టిన్నిటస్‌కి అవి వద్దని అమెరికా ఈఎన్‌టీ డాక్టర్లు 2014 గైడ్‌లైన్స్‌లోనే రాశారట, నాకు తర్వాత తెలిసింది. వాన చప్పుడు చేసే మెషీన్ కూడా కొన్నాను. దానికంటే బెంగళూరు మారతహళ్లిలో మా రూమ్‌లో ఉన్న పాత టేబుల్ ఫ్యాన్ నయం.

సరే, ఇంజెక్షన్. తల వెనక, పుర్రె కింది అంచున, మెడ పైనుంచి తల వెనక్కి వెళ్లే ఆక్సిపిటల్ నరం పక్కన లిగ్నోకైన్ అనే మత్తుమందు ఇచ్చారు. సూది పని రెండు నిమిషాలే. కాసేపటికి అక్కడంతా మొద్దుబారింది. దువ్వెన పెడితే పక్కవాడి తల దువ్వుతున్నట్టుంది! ఆటోలో ఇంటికొచ్చేసరికి మోత సగానికి తగ్గింది, నిజం. ఏడుపొచ్చినంత పనైంది. రాత్రి తొమ్మిదికల్లా మందు దిగిపోయింది, కీచురాయి మళ్లీ హాజరు.

ఇది కొత్త సంగతేం కాదండీ. మత్తుమందుతో చెవి మోత తగ్గడాన్ని, 1914 నోబెల్ అందుకున్న చెవి డాక్టరు రాబర్ట్ బారానీ 1935లోనే గమనించాడు. అయినా నా కోపం దాని మీద కాదు.

ఒకసారి పళ్లు గట్టిగా బిగించండి. ఇప్పుడే, వీడియో ఆపి. మెడ కూడా మెల్లగా పక్కకి తిప్పండి. మోతలో ఏమైనా తేడా వచ్చిందా? నేను పళ్లు బిగిస్తే కీచురాయి కాస్తా కుక్కర్ విజిల్ అయిపోతుంది. దవడ నుంచి, మెడ పైభాగం నుంచి వచ్చే నరాల కబుర్లు, చెవి నుంచి వచ్చేవీ మెదడు కింది భాగంలో కాక్లియర్ న్యూక్లియస్ అనే చోట కలుస్తాయి. కొందరికి మోత అక్కడి నుంచే ముదురుతుంది. మెడ దగ్గర సూది వేసే ముందు చూడాల్సింది ఇదే కదా! అర నిమిషం పని, పైసా ఖర్చు లేదు. ఆ క్లినిక్‌లో ఒక్కరూ అడగలేదు. అడిగిందల్లా ఆరు సిట్టింగుల ప్యాకేజీ గురించే, అదీ ‘ఈరోజు కడితేనే డిస్కౌంట్’ అని.

నేను కట్టలేదు. మీరూ తొందరపడి కట్టకండి. మోత ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు వినిపిస్తున్నా ఈఎన్‌టీకి చూపించుకోండి. ఉన్నట్టుండి వినికిడి తగ్గితే మాత్రం ఆ రోజే వెళ్లండి.

ఇంతకీ నా దవడ సంగతి పట్టుకున్నది డాక్టరు కాదు, మా అక్క. “నిద్రలో పళ్లు కొరుకుతున్నావురా, పక్క గదిలోకి వినిపిస్తోంది” అంది. గురువారం డెంటిస్ట్ దగ్గరికి వెళ్తున్నా.