రోడ్ సైకిల్‌కు ఇంటి వర్క్‌షాపు: దేనికి డబ్బు పెట్టాలి, ఏది ఇంట్లోనే ఉంది

[దృశ్యం: అరచేతిలో ఒక చిన్న బోల్టు. కెమెరా దాని తలకు బాగా దగ్గరగా వెళ్తుంది.]

నమస్కారం. ఈ బోల్టు తలలో ఆరు మూలల గుంట ఉండాలి. ఇప్పుడు అది దాదాపు గుండ్రంగా ఉంది. ఇది నా సైకిల్ హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్‌లోని బోల్టు. నలభై ముక్కల పనిముట్ల పెట్టె చవకగా వస్తోందని కొని, అందులోని ఎల్-కీతో బిగించబోతే, కీ జారి మూలలన్నీ కొరుక్కుపోయాయి. చివరికి దీన్ని తీయించడానికి లేత్ పనిచేసే చోటికి వెళ్లి డ్రిల్లు వేయించవలసి వచ్చింది. ఆ రోజు ఇచ్చిన కూలితో మంచి కీలు రెండు సెట్లు వచ్చి ఉండేవి.

అప్పటి నుంచి నేను పనిముట్లను రెండు రకాలుగా చూస్తున్నాను. సైకిల్ లోహాన్ని నేరుగా పట్టి తిప్పేవి, కోసేవి ఒక రకం. వీటి దగ్గర పొదుపు చేస్తే ఆ నష్టం సైకిల్ మీద పడుతుంది. సైకిల్‌ను నిలిపి ఉంచేవి, కొలిచేవి, కడిగేవి రెండో రకం. వీటిలో చాలా భాగం మన ఇంట్లోనో, వీధి చివరి హార్డ్‌వేర్ దుకాణంలోనో ఉన్నాయి. ఈ వీడియో అంతా ఈ తేడా గురించే.

మన దగ్గర బైక్ అంటే మోటారు బండే కాబట్టి, నేను రోడ్ సైకిల్ అనే అంటాను. కిందికి వంగిన హ్యాండిల్, సన్నని టైర్లు, వెనుక ఎనిమిది నుంచి పన్నెండు దాకా గేరు పళ్ల చక్రాలు ఉండే సైకిల్ అన్నమాట. నల్లగొండలో దీన్ని విప్పి చూసే మెకానిక్ దొరకడం సులభం కాదు, ప్రతి చిన్న పనికీ వంద కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్ వెళ్లడం ఇంకా కష్టం. అందుకే ఇంట్లో పనిముట్లు ఉండాలి.

[దృశ్యం: చాప మీద పరిచిన ఎల్-కీలు.]

ముందుగా ఎల్-కీలు, అంటే అలెన్ కీలు. రోడ్ సైకిల్‌లో మీరు ఎక్కువగా వాడేవి 4, 5 మిల్లీమీటర్ల కీలు. సీటు, స్టెమ్, బ్రేకుల బోల్టులు చాలావరకు వీటితోనే తిరుగుతాయి. గేర్ల దగ్గరి చిన్న మరలకు 2, 2.5, 3 కావాలి, కొన్ని పెడళ్లకు, వాటిని మోసే కడ్డీలైన క్రాంకులకు 6 లేదా 8 పడుతుంది. డిస్కు బ్రేకు ఉన్నవాళ్లు నక్షత్రం ఆకారంలో ఉండే టీ-25 కీని కూడా తెచ్చుకోవాలి. తపారియా వంటి భారతీయ కంపెనీల కీల సెట్టు దాదాపు ప్రతి హార్డ్‌వేర్ దుకాణంలోనూ దొరుకుతుంది, కొన్నిచోట్ల విడిగా కూడా ఇస్తారు. సెట్టు కొనేందుకు చేయి ఆడకపోతే 4, 5 కీలు రెండింటినీ విడిగా, మంచివే కొనండి.

దుకాణంలోనే ఒక పరీక్ష చేయవచ్చు. కొత్త బోల్టు గుంటలో కీ పెట్టి, వేళ్లతో కొద్దిగా అటూ ఇటూ కదిపి చూడండి. మంచి కీ దాదాపు కదలదు. నాసిరకం కీ లొడలొడలాడుతుంది. ఆ చిన్న సందే రేపు మూలలను తినేస్తుంది.

ఇంకొక మాట, ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నది. మన చల్కా నేలల ఎర్రమట్టి, వాన పడ్డాక చిమ్మి, బోల్టు గుంటలో చేరి, ఎండకు ఇటుక ముక్కలా గట్టిపడుతుంది. అప్పుడు కీ గుంట అడుగుదాకా దిగదు, పై అంచును మాత్రమే పట్టి జారుతుంది. అందువల్ల కీ పెట్టేముందు పిన్నీసు మొనతో గుంటను గీకి, ఊది, మట్టి పోయిందని చూసుకోండి. పైసా ఖర్చు లేని ఈ పని మంచి కీతో సమానం. కీ చివర గోళీలాగా గుండ్రంగా ఉంటే, ఆ కొనను వదులు చేసిన బోల్టును త్వరగా తిప్పడానికే వాడండి. గట్టిగా బిగించేటప్పుడు చదునైన కొననే వాడాలి.

[దృశ్యం: స్టెమ్ బోల్టు మీద ముద్రించిన చిన్న అంకెలు.]

ఎంత గట్టిగా బిగించాలన్నది తరువాతి ప్రశ్న. స్టెమ్ మీద, సీటు గొట్టం దగ్గర సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. న్యూటన్ మీటరు అంటే టార్కుకు, అంటే బోల్టును తిప్పే బలానికి కొలత. టార్క్ రెంచి అనే పనిముట్టు దాన్ని చూపిస్తుంది. కార్బన్ ఫ్రేమ్, కార్బన్ సీటు గొట్టం ఉన్నవాళ్లకు నేను నిస్సంకోచంగా చెబుతాను: టార్క్ రెంచి కొనండి, లేదా స్నేహితులు నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. కార్బన్ పగిలితే అతుకు వేయడం మన ఊళ్లో అయ్యే పని కాదు.

అల్యూమినియం భాగాలకు మాత్రం మరో దారి ఉంది. సామాను సంచీ తూచడానికి వాడే, కొక్కెం ఉన్న చిన్న త్రాసు చాలా ఇళ్లలో ఉంటుంది. పొడవాటి ఎల్-కీని బోల్టులో పెట్టి, బోల్టు మధ్య నుంచి సరిగ్గా 10 సెంటీమీటర్ల దగ్గర మార్కర్‌తో గీత గీయండి. ఆ గీత దగ్గర త్రాసు కొక్కెం తగిలించి, కీకి నిలువుగా, అంటే లంబకోణంలో లాగండి. త్రాసులో 5 కిలోలు కనిపించినప్పుడు బోల్టు మీద పడే టార్కు సుమారు 4.9 న్యూటన్ మీటర్లు. బలాన్ని దూరంతో గుణించడమే టార్కు. బడిలో నేర్చుకున్న లెక్క ఇక్కడ అక్కరకు వచ్చింది. కొక్కెం జారకుండా రబ్బరు బ్యాండు చుట్టుకోవాలి, కీ పక్కకు వాలకుండా చూసుకోవాలి. ఇది టార్క్ రెంచికి బదులు కాదు, కానీ మణికట్టు అంచనా కంటే చాలా నయం.

[దృశ్యం: వరండా కప్పుకు ఉన్న కొక్కెం, దాని నుంచి వేలాడే నైలాన్ తాడు.]

సైకిల్‌ను నిలిపే స్టాండుకు వేలల్లో డబ్బు పెట్టడం మొదట్లో నాకు అనవసరం అనిపిస్తుంది. మన ఇళ్లలో ఉయ్యాల కోసం వేసిన కొక్కెం ఎక్కడో ఒకచోట ఉంటుంది. దానికి తాడు కట్టి, సీటు ముక్కును తగిలించి, వెనుక చక్రం నేలకు జానెడు ఎత్తులో ఉండేలా లేపితే చాలు, పెడల్ తిప్పుతూ గేర్లు సరిచూసుకోవచ్చు. తాడు బ్రేకు తీగల మీద పడకూడదు. సైకిల్‌ను తలకిందులుగా పెట్టే అలవాటు మాత్రం మానుకోండి. వంగిన హ్యాండిల్ ఉన్న సైకిల్‌లో బరువంతా బ్రేకు లీవర్ల రబ్బరు తొడుగుల మీద పడుతుంది, పైగా ఆయిల్ డిస్కు బ్రేకులైతే లోపలి గాలి బుడగ పైపులోకి చేరి బ్రేకు మెత్తబడవచ్చు.

ఇప్పుడు చైను. చైను అరుగుదలను కొలవడానికి ప్రత్యేకమైన గేజీ అమ్ముతారు. మీకు కావలసింది 12 అంగుళాల స్టీలు స్కేలు మాత్రమే. సైకిల్ చైనులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. కొత్త చైనులో 24 లింకుల దూరం సరిగ్గా 12 అంగుళాలు.

[దృశ్యం: చైనుకు ఆనించిన స్కేలు. సున్నా గీత ఒక పిన్ను మధ్యలో, 12వ అంగుళం గీత దగ్గరికి కెమెరా జరుగుతుంది.]

చైనును బిగుతుగా ఉంచి, సున్నా గీతను ఒక పిన్ను మధ్యకు ఆనించి, 12వ గీత దగ్గర చూడండి. అక్కడి పిన్ను మధ్యభాగం గీత మీదనే ఉంటే చైను కొత్తది. అది గీతను అంగుళంలో పదహారో వంతు, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు దాటిందంటే అర శాతం అరిగింది. 11, 12 గేర్ల చైనును అప్పుడే మార్చాలి. 8, 9, 10 గేర్లవాళ్లు ఇంకొంచెం ఆగవచ్చు, కానీ ఎనిమిదో వంతు దాకా వెళ్లనివ్వకండి. అప్పటికి చైనుతో పాటు వెనుక పళ్ల చక్రాలూ అరిగిపోయి ఉంటాయి, వాటి ఖరీదు చైను కంటే చాలా ఎక్కువ. చైను సాగిందని అంటాం గానీ ఉక్కు సాగదు; పిన్నులూ వాటి చుట్టూ ఉన్న భాగాలూ అరిగి, ప్రతి కీలులోనూ వెంట్రుకవాసి సందు పెరుగుతుంది, ఆ సందులన్నీ కలిసి పొడవుగా కనిపిస్తాయి.

అరుగుదలకు కారణం మన దుమ్ము. యాసంగి కోతల కాలంలో రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోస్తారు, పొట్టు, గడ్డిపోచలు గాలికి లేచి నూనె ఉన్న ప్రతిచోటా అంటుకుంటాయి. ఇంజన్ ఆయిల్ పోసిన చైను ఈ దుమ్ముతో కలిసి ఆకురాయిలా పనిచేస్తుంది. కడగడానికి నేను డీజిల్ వాడతాను. పెట్రోల్ ఆవిరి నిప్పు అందుకుంటుంది కాబట్టి దాని జోలికి వెళ్లను. చైనును విప్పి, వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, డీజిల్ పోసి, మూత బిగించి ఊపాలి. వాడిన డీజిల్‌ను మోరీలో పోయకండి. రెండు రోజులు కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు దిగుతుంది, పైన తేరిన దాన్ని మళ్లీ వాడుకోవచ్చు.

చైనులో క్విక్ లింకు, అంటే పిన్ను కొట్టకుండానే విప్పి కలపగలిగే లింకు ఉంటే, దాన్ని విప్పే ప్రత్యేకమైన పట్కారు కూడా అక్కర్లేదు. పాత బూటు లేసును లింకు రెండు చివరల రోలర్ల చుట్టూ తిప్పి, ముడివేసినట్టు అడ్డంగా గట్టిగా లాగితే రెండు ముక్కలూ దగ్గరికి జరిగి ఊడివస్తాయి. మొదటిసారి మా పక్కింటి పిల్లలు దాన్ని గారడీ అనుకున్నారు. కొన్ని కంపెనీల లింకులు ఒక్కసారికే పనికివస్తాయి, ప్యాకెట్టు మీద చూసుకోవాలి.

కడిగి ఆరబెట్టిన చైనుకు ఎండాకాలంలో నేను ప్యారఫిన్ మైనం పట్టిస్తాను. వేడినీటి గిన్నెలో మరొక పాత స్టీలు గిన్నె పెట్టి, అందులో మైనం కరిగించి, చైను ముంచి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచాలి. నేరుగా పొయ్యి మీద మైనం పెట్టకూడదు. బయటికి తీసి వేలాడదీసి, చల్లారాక ప్రతి లింకునూ చేతితో వంచితే చాలు. చేతికి నలుపు అంటదు, దుమ్ము పట్టదు. వానాకాలంలో మాత్రం మైనం త్వరగా పోతుంది, అప్పుడు సైకిల్ చైను నూనెను రోలరుకు ఒక చుక్క చొప్పున వేసి, మర్నాడు పొడి గుడ్డతో పైపైన తుడిచేయండి.

[దృశ్యం: టైరు లోపలి నుంచి తీసిన పల్లేరు ముల్లు, రూపాయి బిళ్ల పక్కన.]

పంక్చర్ల గురించి మన ప్రాంతంలో ఎవరికీ చెప్పనవసరం లేదు. పానగల్లు ఉదయసముద్రం కట్ట వైపు వెళ్లినా, దేవరకొండ రోడ్డు పట్టినా, పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు మీ కోసం సిద్ధంగా ఉంటాయి. టైరు విప్పడానికి ప్లాస్టిక్ లీవర్లు రెండు కొనండి. పంక్చర్ షాపులో వాడే ఇనుప లీవర్లు అల్యూమినియం రిమ్ముకు గాట్లు పెడతాయి. ట్యూబులో చిల్లు దొరికిందని సంతోషించి ఆగిపోకండి, టైరు లోపల విరిగిన ముల్లు మొన ఇంకా ఉండవచ్చు. దూది ముద్దతో టైరు లోపలి వైపు చుట్టూ తుడవండి. మొన ఉన్నచోట దూది పీచు తగులుకుంటుంది, అక్కడ కనుబొమల పట్కారుతో లాగేయాలి. సొల్యూషన్ పూశాక అది తడి పోయి మెరుపు తగ్గేదాకా ఆగి, ఆ తరువాతే ప్యాచ్ అతికించండి.

గాలి కొట్టడానికి మాత్రం మీటరు ఉన్న నిలువు పంపు కొనండి, దీని మీద పెట్టిన డబ్బు వృథా పోదు. రోడ్ సైకిల్ ట్యూబుకు సన్నని ప్రెస్టా వాల్వు ఉంటుంది, అది పెట్రోల్ బంకు గాలి పైపుకు సరిపోదు. చిన్న ఇత్తడి అడాప్టరును సీటు కింది సంచీలో వేసుకుంటే దారిలో ఏ పంక్చర్ షాపులోనైనా గాలి పట్టించుకోవచ్చు. పీడనం టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ అంకెను దాటకుండా చూడండి, ముఖ్యంగా లారీ టైర్లకు కొట్టే కంప్రెసర్ దగ్గర.

ఇక పెడళ్లు. ఎల్-కీతో తిరగని పెడళ్లకు 15 మిల్లీమీటర్ల పానా పడుతుంది, సన్నగా ఉంటే మామూలుదే సరిపోతుంది. ఎడమ పెడల్‌కు మర తిరగబడి ఉంటుంది. నేను దాని మీద కాళ్లు మోపి తిప్పుతుంటే, నల్ల సైకిళ్లు బాగుచేసే ఒక పెద్దాయన చూసి, "అది ఉల్టా చూడి సార్, అటు తిప్పితే ఇంకా బిగుస్తది" అన్నారు. చూడి అంటే మర. గుర్తు ఇలా పెట్టుకోండి: పానాను పైకి నిలబెట్టి, పిడిని వెనుక చక్రం వైపు లాగితే రెండు పక్కల పెడళ్లూ ఊడతాయి. మళ్లీ బిగించే ముందు మరలకు గ్రీజు రాయడం మరచిపోకండి.

గేరు తీగ కోసే కట్టర్ మళ్లీ మొదటి రకంలోకి వస్తుంది. మామూలు పట్కారుతో కోస్తే తీగ కొస చీపురులా విచ్చుకుని, మళ్లీ గొట్టంలోకి దూరదు. సైకిల్ తీగల కట్టర్ ఒకటి కొంటే ఏళ్లపాటు వస్తుంది. గొట్టం కొసను ఆకురాయితో చదును చేసి, నలిగిపోయిన లోపలి రంధ్రాన్ని దబ్బనంతో తెరవండి.

చక్రం వంకర చూసే స్టాండు కూడా అక్కర్లేదు. ఫోర్కుకు ప్లాస్టిక్ జిప్ టై ఒకటి కట్టి, దాని కొస రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో ఉండేలా కత్తిరించి, చక్రం తిప్పండి. ఎక్కడ గీరుకుంటుందో అక్కడ వంకర. పుల్లలు తిప్పే కీ మాత్రం, పుల్ల కొసన రిమ్ము దగ్గర ఉండే నట్టు, అంటే నిపుల్ కొలతకు సరిగ్గా సరిపోయేదే ఉండాలి, ఒక్కసారికి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పకూడదు. వెనుక పళ్ల చక్రాలు విప్పే లాక్‌రింగ్ సాకెట్టు, చైను పిన్ను తోసి విప్పే పనిముట్టు రెండూ ఏడాదికి ఒకటి రెండుసార్లే వాడతాం కాబట్టి అవసరం వచ్చినప్పుడు కొనవచ్చు. బాటమ్ బ్రాకెట్ (క్రాంకులు తిరిగే చోటు), హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటు) బేరింగులు నొక్కి ఎక్కించే ప్రెస్‌లు నేను కొనలేదు, కొనే ఉద్దేశమూ లేదు. ఆ ఒక్క పనికి హైదరాబాద్ వెళ్తాను.

[దృశ్యం: బిస్కెట్ల రేకు డబ్బా. నూనె గుడ్డలో చుట్టిన ఎల్-కీలను అందులో పెట్టి మూత వేస్తారు.]