గేమ్ కంట్రోల్స్ మీద పేటెంట్లు: ఏది నచ్చింది, ఏది ఒళ్లు మండించింది

నమస్తే అందరికీ. ఈ వీడియో చెయ్యడానికి కారణం ఇదిగో ఈ కంట్రోలర్. కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపించారు. డబ్బులేం ఇవ్వలేదు, వీడియో కూడా వాళ్లకి ముందు చూపించలేదు. స్పెక్స్ మీరు ఈపాటికి ఎక్కడో ఒక చోట చూసే ఉంటారు, మళ్లీ చదవను. వెనకాల నాలుగు ప్యాడిల్స్, అంటే అదనపు బటన్లు ఉన్నాయి, వేళ్ల కిందికి సరిగ్గా వస్తున్నాయి. షూటర్లు ఎక్కువ ఆడేవాళ్లు కొనుక్కోవచ్చు. దీని రివ్యూ అయిపోయింది.

కానీ ఈ ప్యాడిల్స్‌కి ఒక చరిత్ర ఉంది. వాల్వ్ అనే గేమ్ కంపెనీ చేసిన స్టీమ్ కంట్రోలర్ వెనక బటన్లు తమ పేటెంట్‌లోకి వస్తాయని ఐరన్‌బర్గ్ అనే కంపెనీ వాల్వ్ మీద కేసు వేసింది. 2021 ఫిబ్రవరిలో అమెరికా జ్యూరీ వాల్వ్‌ని 40 లక్షల డాలర్లు కట్టమంది. అప్పటికే ఆ కంట్రోలర్ మార్కెట్లోంచి వెళ్లిపోయింది. ఇది చదివాక ఈ మధ్య వచ్చిన పేటెంట్లన్నీ తిరగేయడం మొదలుపెట్టాను. స్క్రీన్ మీద కనిపించేవి, బటన్‌తో చేసేవి, అవే. లాయర్ల సంగతి లాయర్లకి తెలుసు. నేను చూసింది ఒక్కటే: ఈ కాగితం వల్ల ఆడేవాడి చేతికి ఏమైంది?

ఏమవుతుందో డీ-ప్యాడ్, అంటే కంట్రోలర్ మీద నాలుగు దిక్కులకీ నొక్కే బటన్ చూస్తే తెలుస్తుంది. నింటెండోలో పనిచేసిన గున్‌పే యోకోయ్ తయారు చేసిన ఆ ప్లస్ ఆకారం మీద నింటెండోకి అమెరికాలో 1987లో పేటెంట్ వచ్చింది. పోటీ కంట్రోలర్లలో గుండ్రటి డిస్కులు, విడివిడి బాణాలు కనిపించేవి. నా దగ్గర ఒక డిస్కుది ఉండేది, ఏ కంపెనీదో వదిలేయండి. కిందికి నొక్కితే మూలకి పోయేది. ఫైటింగ్ గేమ్‌లో అదెంత నరకమో ఆడినవాళ్లకి తెలుసు.

ఇక ఒళ్లు మండించిన దానికి వస్తాను. పాల్‌వరల్డ్. పాల్స్ అనే వింత జంతువుల్ని పట్టి, వెంట తిప్పుకుని పోరాడించే గేమ్. 2024 జనవరిలో వచ్చింది, నాకు ప్రాణం ఆ గేమ్. అదే ఏడాది సెప్టెంబర్‌లో నింటెండో, పోకెమాన్ కంపెనీ కలిసి దాన్ని తీసిన పాకెట్‌పెయిర్ మీద టోక్యోలో కేసు వేశాయి. అడిగింది ఒక్కొక్కరికీ 50 లక్షల యెన్లు, ప్లస్ గేమ్ ఆపాలని. బొమ్మలు కాపీ కొట్టారని కాదు, పేటెంట్ల మీద. జంతువు వైపు గురిపెట్టి బంతి విసిరి పట్టడం, జంతువు ఎక్కి ప్రయాణం చేస్తూ ఇంకోదానికి మారడం, ఇలాంటివి. ఆ పేటెంట్ల మూల దరఖాస్తు 2021 డిసెంబర్ నాటిది, నిజమే. కానీ కేసులో వాడినవి దాన్నుంచి విడదీసి 2024లో, అంటే పాల్‌వరల్డ్ విడుదలయ్యాక వేసినవి. చట్టం ఒప్పుకుంటుంది. నాకు మాత్రం అస్సలు నచ్చలేదు.

చేతికి ఏమైందో చూడండి. 2024 నవంబర్ అప్‌డేట్‌తో బంతి విసిరి పాల్‌ని పిలవడం తీసేశారు. ఇప్పుడు బటన్ నొక్కితే పక్కనే ప్రత్యక్షమవుతుంది. చెప్పుకోడానికి చిన్న మార్పే. కానీ అంతకుముందు శత్రువు వెనక్కి గురిచూసి విసిరేవాళ్లం, అది పడిన చోట పాల్ దిగేది. దూరం, గురి, టైమింగ్, మొత్తం ఆట అందులో ఉండేది. ఆ విసురు పోయింది. 2025 మేలో ఎగరడం కూడా మార్చారు. పాల్‌ని పట్టుకుని గాల్లో తేలడం పోయి, గ్లైడర్ అనే వస్తువు బ్యాగులో ఉండాలంటున్నారు. పాల్ టీమ్‌లో ఉంటే కాస్త సాయం చేస్తుందంతే. కొండ మీంచి దూకేటప్పుడు నా పాల్ రెక్కలు విప్పడం కోసమే పనిగట్టుకుని కొండెక్కేవాణ్ని నేను. ఈ మార్పులు కేసు వల్లే చేశామని పాకెట్‌పెయిర్ స్వయంగా చెప్పింది. ఇంకా తీర్పు రాకముందే, ఎవరిది తప్పో తేలకముందే, డబ్బు పెట్టి కొన్న మన ఆటలోంచి పోయింది.

ఆ తర్వాత 2025 సెప్టెంబర్ 2న అమెరికాలో నింటెండోకి ఇంకో పేటెంట్ ఇచ్చారు. పాత్రని పిలిచి పోరాడించడం మీద. మనం నడిపినా పోరాడుతుంది, దానంతటదీ పోరాడుతుంది, ఆ పద్ధతి. ఇలాంటివి ఎన్ని గేముల్లో ఆడామో లెక్కపెట్టండి. నవంబర్‌లో పేటెంట్ ఆఫీసు డైరెక్టరే స్వయంగా మళ్లీ పరీక్షించమని ఆదేశించారు. ఈ ఆలోచన అంత కొత్తదేం కాదేమో అనడానికి ఆ ఆదేశంలో చూపించిన పాత దరఖాస్తుల్లో ఒకటి కొనామీది, ఒకటి నింటెండోదే. మంచి పని చేశారు.

సోనీది త్వరగా చెప్పేస్తాను. వేళ్లని కెమెరాతోనో సెన్సర్‌తోనో చూసి, మీరు ఏ బటన్ నొక్కబోతున్నారో ముందే ఊహించి ఆలస్యం తగ్గించాలనే ఆలోచన. దరఖాస్తు మాత్రమే, వస్తువేం కాదు. క్లౌడ్‌లో, అంటే ఎక్కడో సర్వర్‌లో నడిచే గేమ్‌ని ఇంటర్నెట్ మీద ఆడేవాళ్లకి నిజంగా ఉపయోగం. కానీ నొక్కబోయి ఆగడం కూడా ఆటలో ఎత్తుగడే కదా! ఆగిన వేలిని నొక్కినట్టు లెక్కేస్తే నేనైతే ఆ కంట్రోలర్ ముట్టుకోను.

ఇప్పుడు నాకు బాగా నచ్చింది. అపెక్స్ లెజెండ్స్ అనే టీమ్ షూటింగ్ గేమ్‌లో పింగ్, అంటే బటన్‌తో టీమ్‌కి సైగ చెయ్యడం. 2019 ఫిబ్రవరిలో వచ్చింది. ఒకసారి నొక్కితే ఇక్కడికి రండి, రెండుసార్లు నొక్కితే శత్రువు. తుపాకీ మీద గురిపెట్టి నొక్కితే అదేంటో టీమ్‌కి మన పాత్ర చెప్పేస్తుంది. అవతలివాడు అదే బటన్‌తో "అది నాది" అనొచ్చు. మైక్ లేకుండా, భాష తెలియని ఇద్దరు అపరిచితులతో కలిసి నేను గెలిచాను, ఒక్క మాట లేకుండా. వినికిడి లేనివాళ్లకి, మైక్ ఆన్ చేస్తే తిట్లు తినాల్సి వచ్చే అమ్మాయిలకి అది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి.

దీని మీద కూడా పేటెంట్ ఉంది, అపెక్స్‌ని విడుదల చేసిన ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) చేతిలో. కానీ 2021 ఆగస్టులో ఈఏ దాన్ని పేటెంట్ ప్లెడ్జ్ (హామీ) పేరుతో అందరికీ తెరిచేసింది. రాయల్టీ కట్టక్కర్లేదు, పోటీ కంపెనీ అయినా సరే. దాంతో పాటు కంటిచూపు సమస్య ఉన్నవాళ్ల కోసం రంగులు, కాంట్రాస్ట్ సరిచేసే పేటెంట్లు లాంటివి కలిపి, మొదటి విడతలో మొత్తం ఐదు.

ఎందుకింత సంతోషపడుతున్నానంటే, లోడింగ్ అవుతుంటే చిన్న గేమ్ ఆడించే ఆలోచన గుర్తుందా? నామ్కో దాని మీద 1995లో అమెరికాలో దరఖాస్తు వేసింది, 2015లో గడువు తీరింది. లోడింగ్ బార్‌ని చూస్తూ కూర్చున్న కాలమంతా అది తాళంలోనే ఉంది. ఇప్పుడు తాళం తీశారు, కానీ ఎస్ఎస్‌డీలు అనే వేగమైన డిస్కులు వచ్చి లోడింగే సగం పోయింది. పింగ్‌కి ఆ గతి పట్టలేదు.

నా తీర్పు ఇది. పింగ్‌కి పదికి పది. సోనీది వస్తువుగా వచ్చాక చూద్దాం. పాత్రని పిలిచి పోరాడించే నింటెండో పేటెంట్‌కి సున్నా, ఎంత ఇష్టంగా వాళ్ల గేములు ఆడినా సున్నానే. ఇక టీమ్ గేమ్ తయారు చేస్తున్న వాళ్లెవరైనా చూస్తుంటే, ఈఏ పేటెంట్ ప్లెడ్జ్ పేజీ తెరిచి షరతులు చదివి, మీ గేమ్‌లో పింగ్ పెట్టండి. మైక్ లేని మీ ప్లేయర్లు ఎదురుచూస్తున్నారు.