కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో బోనులో ఉన్న చెట్టు

అందరికీ నమస్కారం. ఈ లండన్ వీడియోలో పెద్ద గడియారమూ లేదు, తెరుచుకునే వంతెనా లేదు. తెనాలి నుంచి మా పెద్దమ్మ తాఖీదు పంపింది: "ఎన్నిసార్లు చూపిస్తావే అవే! కిరాణా కొట్టువాళ్ళిచ్చే క్యాలెండర్ మీద కూడా అవే బొమ్మలు." చూసేవాళ్ళ లెక్కా అదే చెబుతోంది. లండన్‌లో గోంగూర దొరికే కొట్టు వీడియోకు వచ్చిన వాళ్ళలో సగం మంది కూడా రాజభవనం వీడియోకు రాలేదు.

అందుకని కెన్సింగ్టన్ గార్డెన్స్‌కు వచ్చాను. హైడ్ పార్కు పేరు మీరందరూ విని ఉంటారు, దానికి పడమటి వైపు ఆనుకుని ఉన్నది ఇదే. రెండింటి మధ్య ఒక పొడవాటి సరస్సు. క్వీన్స్‌వే స్టేషన్‌లో దిగి, లిఫ్టులో పైకి వచ్చి, రోడ్డు దాటితే బ్లాక్ లయన్ గేటు. టికెట్టు లేదు. మా ఆయనకు శనివారం కూడా డ్యూటీ పడింది. కెమెరా పట్టుకునేదీ నేనే, మాట్లాడేదీ నేనే, పులిహోర డబ్బా మోసేదీ నేనే.

ఇవాళ నేను మీకు చూపించబోయే, బోనులో ఉన్న చెట్టు ఈ గేటుకు దగ్గర్లోనే ఉంది. కానీ లోపలికి అడుగు పెట్టగానే నెత్తి మీద నుంచి ఒక అరుపు! తల ఎత్తితే పచ్చటి గుంపు. ఇక చెట్టు సంగతి పక్కన పెట్టి వాటి వెనకే నడిచాను. అవి సరస్సు ఒడ్డున, కథల్లో ఎప్పటికీ పెద్దవాడు కాని పిల్లాడు పీటర్ పాన్ విగ్రహం దాకా తీసుకుపోయాయి. 1912లో, మే 1న పొద్దున్నే పిల్లలు వచ్చేసరికి కనబడి ఆశ్చర్యపోవాలని రాత్రికి రాత్రే నిలబెట్టిన విగ్రహం అది. దాని సంగతి అటుంచి, ముందు ఈ పచ్చటి గుంపును చూడండి. పెద్దమ్మా, చూశావా? ఎర్ర ముక్కు, మెడ చుట్టూ గులాబి గీత. జామచెట్టు మీద నుంచి నువ్వు రోజూ రేకు డబ్బా వాయించి తోలే చిలకలే! ఎప్పుడో పంజరాల నుంచి బయటపడి, ఈ చలికి తట్టుకుని, గుంపులు గుంపులుగా పెరిగాయి. తిండి పెట్టవద్దని పార్కువాళ్ళు మొత్తుకుంటున్నా జనం ఆపిల్ ముక్కలు పట్టుకుని చేతులు చాపి నిలబడతారు. అవి దర్జాగా మణికట్టు మీద వాలి, సగం కొరికి, సగం కింద పడేసి పోతాయి. ఊళ్ళో ఎలా పాడు చేస్తాయో ఇక్కడా అలాగే పాడు చేస్తున్నాయి. నాకు మాత్రం చాలాసేపు అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

వెనక్కి వస్తూ ఐస్‌క్రీమ్ కొన్నాను. నాలుగున్నర పౌండ్లు. అంటే అటూ ఇటూగా 500 రూపాయలు, ఒక్క కోనుకు! గుణించడం మానెయ్యమని మా ఆయన ఎప్పుడూ అంటారు. ఎలా మానడం? ఇంటికి డబ్బు పంపేరోజు గుణిస్తే కడుపు నిండుతుంది, ఇక్కడ తినేరోజు గుణిస్తే కడుపు మండుతుంది. రెండు రోజులకూ లెక్క ఒకటే కదా.

సరే, చెట్టు. ముందు పిల్లల ఆటస్థలం వస్తుంది. యువరాణి డయానా జ్ఞాపకార్థం 2000లో తెరిచారు. మధ్యలో నిజమైన ఓడంత చెక్క ఓడ ఉంటుంది. ఇక్కడొక నియమం ఉంది: పిల్లలు వెంట లేని పెద్దవాళ్ళను మామూలుగా లోపలికి రానివ్వరు. పిల్లల భద్రత కోసం పెట్టిన నియమం, మంచిదే. ఆ బోర్డు చదువుతుంటే ప్రతి ఆదివారం ఫోనులో అదే ప్రశ్న అడిగే మా అత్తయ్యగారు గుర్తుకొచ్చారు. పదండి, ముందుకు వెళదాం.

ఇదిగో, ఆటస్థలం గేటు పక్కనే. ఇనుప ఊచల బోను, అందులో ఒక మోడు. దీని పేరు ఎల్ఫిన్ ఓక్. దూరం నుంచి చూస్తే ఎండిపోయిన మొద్దుకు ఇంత కాపలా ఎందుకా అనిపిస్తుంది. దగ్గరికి రండి. ఫోను కెమెరా ఊచల దగ్గరే ఆగిపోతోంది, రెండు ఊచల మధ్య నుంచి లోపలికి పెడతాను. కనబడిందా? చెట్టు పగుళ్ళలో, తొర్రల్లో, వేళ్ళ సందుల్లో అంతా జనమే! జానెడు మనుషులు, కోసు టోపీలవాళ్ళు, రెక్కలున్నవాళ్ళు, పక్షులు, జంతువులు, అన్నిటికీ రంగులు. ఈమె వూకీ అనే మంత్రగత్తె. దగ్గరున్న మూడు జాడీల్లో ఆరోగ్యం, సంపద, సంతోషం దాచిందట. ఆ మెట్లెక్కుతున్న మరుగుజ్జు హకల్‌బెర్రీ, పళ్ళ సంచీ మోస్తూ లోపలి హాల్లో విందుకు వెళుతున్నాడు.

మోడు రిచ్‌మండ్ పార్కు నుంచి వచ్చింది, 900 ఏళ్ళ నాటిదని చెబుతారు. ఐవర్ ఇన్నెస్ అనే చిత్రకారుడు 1928 నుంచి 1930 దాకా దీని మీద ఈ బొమ్మలన్నీ చెక్కాడు. మన దగ్గరయితే ఇంత వయసున్న చెట్టుకు ఈపాటికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, దారాలు చుట్టేవాళ్ళు; ఆ మూడు జాడీల ముందు పిల్లల కోసం, ఉద్యోగాల కోసం వరస కట్టేవాళ్ళు. ఇక్కడ ఎవరూ ఏమీ కోరుకోరు. చూసి నవ్వుకుని వెళ్ళిపోతారు. అలాగని పట్టించుకోరని కాదు. 1997లో దీన్ని ప్రభుత్వం కాపాడే చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చారు. చెట్టు, కట్టడాల జాబితాలో!

అసలు ఇది ఇవాళ్టికి నిలిచి ఉండడానికి కారణం స్పైక్ మిలిగన్ అనే హాస్యనటుడు. బొమ్మలు పాడైపోతుంటే 1960లలో పూనుకుని బాగు చేయించాడు, 1990లలో మళ్ళీ దీని కోసం గొంతెత్తాడు. ఆయన పుట్టింది ఎక్కడనుకున్నారు? ఇప్పటి మహారాష్ట్రలో, అప్పట్లో అహ్మద్‌నగర్ అనే ఊళ్ళో, 1918లో. మనవాడు కాకపోయినా ఆ మాట చదివినప్పుడు మా ఊరివాడెవరో మంచి పని చేసినట్టు గర్వపడ్డాను.

కాకి గూట్లో గుడ్లు దొంగిలిస్తున్న బొమ్మలు కూడా ఉన్నాయని చదివి ఎంత వెతికినా దొరకలేదు. పక్కన అయిదారేళ్ళ పాప ఒకతె నన్ను కాసేపు గమనించి, "అక్కడ కాదు, ఇటు" అని నా చెయ్యి పట్టి బోను చుట్టూ తిప్పి చూపించింది. దొంగతనం బయటపడుతుందేమోనని తనకే భయమైనట్టు గుసగుసగా చెప్పింది. వాళ్ళమ్మ పిలిస్తే ఓడ వైపు పరిగెత్తింది.

ఫోనులో ఛార్జింగ్ అయిపోవస్తోంది, పులిహోర ఇంకా తినలేదు. లండన్ వచ్చేవాళ్ళు ఇక్కడికి తప్పకుండా రండి. గేటు దాటాక ఆటస్థలం ఎక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు. వెంట పిల్లలు లేకపోయినా ఫరవాలేదు, చెట్టు ఆటస్థలం గేటు బయటే ఉంది.