గోడ దగ్గర ధ్యానం

సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

ఈ లెంట్‌లో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, మన మందిరం మరమ్మతుకు చాలామంది పేర్లిచ్చారు. చాలా సంతోషం. అయితే పనిలోకి దిగేముందు ఒక విషయం తేల్చుకుందాం. పొద్దున ఒక ప్రార్థన, సాయంత్రం ఒక ప్రార్థన చేసుకుని, మధ్యలో పనిని మామూలు పనిలాగే చేసుకుపోతే సరిపోతుందా? సరిపోదనే నా నమ్మకం. ధ్యానం జరగాల్సింది చేతిలో తాపీ ఉన్నప్పుడే.

బైబిల్లో యెషయా గ్రంథం 58వ అధ్యాయం ఉపవాసం గురించి. తల వంచుకుని గోనెపట్ట పరచుకోవడమేనా ఉపవాసం అని దేవుడు అడుగుతాడు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టమంటాడు. అలా చేసినవాడికి 12వ వచనంలో ఒక పేరు పెడతాడు: విరిగిపోయినదాన్ని బాగుచేసేవాడు. ఈ వరస మనం మరవకూడదు. మందిరానికి సున్నం వేస్తూ పక్కవాడి ఆకలి పట్టించుకోకపోతే ఈ అధ్యాయం మన మీదే తీర్పు చెబుతుంది.

ఇక గోడ సంగతి. పని తెలిసినవాళ్లు రాగానే పూత కలపరు, ముందు తట్టి వింటారు. వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్తే పూత గట్టిగా పట్టుకున్న చోట ఒక శబ్దం వస్తుంది, లోపల వదిలేసిన చోట డొల్లగా పలుకుతుంది. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. డొల్లగా పలికినంత మేరా చెక్కి తీసేయాలి. బద్ధకించి దాని మీదే కొత్త పూత వేస్తే, కొన్నాళ్లకు రెండూ కలిసి ఊడిపడతాయి.

చెమ్మ మరకా అంతే. రంగు వేసి కప్పేస్తే మళ్లీ తేలుతుంది. నీళ్లు ఎక్కణ్ణుంచో దిగుతుంటాయి, పైన పూడుకుపోయిన గొట్టం నుంచో, పగిలిన పెంకు కింద నుంచో. ముందు దాన్ని పట్టుకోవాలి. పాత సున్నపు గోడైతే గట్టిగా ఉంటుంది కదా అని సిమెంటు పూయకండి. సున్నం తేమను బయటికి పోనిస్తుంది, సిమెంటు దాన్ని లోపలే ఆపేస్తుంది. ఆ తర్వాత ఉప్పు తేలి, లోపలి ఇటుకే పొడిపొడిగా రాలుతుంది.

ఒక గంటసేపు అలా తట్టుకుంటూ వెళ్లినవాళ్లకు తమలో డొల్లగా ఉన్న చోట్లు ఎవరూ చెప్పకుండానే గుర్తొస్తాయి. ఎవరితో మాట మానేశామో, ఏ కోపాన్ని మంచి మాటలతో కప్పి ఉంచామో. అందుకే రోజూ మొదటి గంట మౌనంగా పని చేద్దాం. ఫోన్లు సంచుల్లోనే ఉండనివ్వండి.

6వ శతాబ్దంలో ఇటలీలోని క్రైస్తవ సన్యాసి బెనెడిక్ట్ తన మఠవాసులకు రాసిన నియమావళిలో చేతిపనికీ చదువుకీ వేళలు విడివిడిగా పెట్టాడు. లెంట్‌లో ఒక్కొక్కరికీ ఒక పుస్తకం ఇచ్చి, మొదటి నుంచి చివరి దాకా చదవమన్నాడు. మఠంలోని పనిముట్లను బలిపీఠపు పాత్రల్లా చూసుకోమన్నాడు. మనమూ తలా ఒక సువార్త తీసుకుని మధ్యాహ్నం విశ్రాంతిలో చదువుకుందాం. సాయంత్రం తాపీలు, గమేళాలు శుభ్రంగా కడిగే ఇంటికి వెళ్దాం.

యూదా దేశపు యోషీయా రాజు కాలంలో యెరూషలేము మందిరం బాగుచేస్తున్న రోజుల్లోనే ధర్మశాస్త్ర గ్రంథం బయటపడింది. ఆ మాటలు విని రాజు బట్టలు చింపుకున్నాడు. అప్పుడు పని చేసినవాళ్లు నమ్మకస్తులని వాళ్లను లెక్కలు కూడా అడగలేదని రాజుల రెండో గ్రంథం 22వ అధ్యాయంలో ఉంది. మనం మాత్రం లెక్కలు రాసి అందరికీ చూపిద్దాం. పేర్ల బోర్డు మాత్రం వద్దు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న యేసు మాట లెంట్ మొదలైన భస్మ బుధవారం నాడే విన్నాం కదా.

పైకప్పు ఎక్కే పని, కరెంటు పని తెలిసినవాళ్లకే అప్పగించి కూలి ఇద్దాం. భక్తి ఉంది కదా అని నిచ్చెన ఎక్కొద్దు. బరువు పని చేయలేని పెద్దలు బల్లలు తుడవొచ్చు, మౌనం ముగిశాక ఒక కీర్తన చదివి వినిపించొచ్చు.

లెంట్ 40 రోజుల్లో ఆదివారాలు లెక్కకు రావు, కాబట్టి ఆదివారం పని పెట్టుకోం. ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు పనిముట్లన్నీ కడిగి లోపల పెట్టేద్దాం. ఆ ఆదివారంతో మొదలయ్యే శ్రమల వారంలో ఎవరూ తాపీ ముట్టొద్దు. గోడ ఇంకా మిగిలితే ఈస్టర్ తర్వాత చూసుకుందాం.