సకురా చూడాలంటే కుదాన్‌షితలో దిగండి

నమస్కారమండీ. మార్చి నెలాఖరు వచ్చిందంటే టోక్యోలో ఉన్న మనవాళ్ళ వాట్సాప్ స్టేటస్‌లన్నీ చెర్రీ పూలే, అక్కడివాళ్ళ మాటలో సకురా. అవి చూసి, మేమూ వెళ్ళాలి అని టికెట్లు కొనేవాళ్ళున్నారు. తీరా వెళ్ళాక పేరు విన్న పార్కుకల్లా పరిగెత్తి, పూలకన్నా జనం వీపులే ఎక్కువ చూసి తిరిగొస్తారు. ఎవరినో అంటున్నానని కాదు, టోక్యోలోని నిషి కసాయ్‌లో కాపురం పెట్టిన మొదటి ఏడాది నేను చేసిందీ అదే.

ముందు చెట్టు గురించి ఒక మాట. టోక్యోలో మీకు కనిపించే చెర్రీ చెట్లలో ఎక్కువ భాగం సోమేయ్ యోషినో అనే ఒకే రకం. ఇప్పటి కొమాగొమె స్టేషన్ దగ్గర ఒకప్పుడు సోమేయ్ అని తోటమాలుల ఊరుండేది, ఆ పేరే దీనికి వచ్చింది. గింజ నాటి పెంచరు, అంటు కడతారు, కాబట్టి అన్నీ ఒకే చెట్టుకి నకళ్ళన్నమాట. అందుకే మాట్లాడుకున్నట్టు అన్నీ ఒకేసారి పూసి ఒకేసారి రాలిపోతాయి, అచ్చంగా మూడునాళ్ళ ముచ్చట. ఆకు రాకముందే పువ్వు వస్తుంది, మన మోదుగ చెట్టులాగే. కాకపోతే మోదుగ నిప్పులా మండుతుంటే, ఇది పాలలో ఒక్క చుక్క కుంకుమ నీళ్ళు పడినట్టుంటుంది. దాదాపు తెలుపే! ఫోటోల్లో ఉన్నంత గులాబీ రంగు ఆశించకండి, ముందే చెప్తున్నా.

ఇక ఎప్పుడు వెళ్ళాలి? యాసుకుని మందిరం ఆవరణలో ఒక చెట్టుంది. వాతావరణ శాఖ అధికారి వచ్చి, చుట్టూ టీవీ కెమెరాలు పెట్టుకుని, తలెత్తి దాని పువ్వులు లెక్కపెడతారు. ఐదారు విచ్చుకున్నాయంటే టోక్యోలో పూత మొదలైనట్టే. ఎనభై శాతం విచ్చుకుంటే ‘మన్‌కై’, నిండు పూత. మామూలుగా మార్చి 24 ప్రాంతంలో మొదలై, వారానికి నిండుతుంది. కానీ 2023లో మార్చి 14కే మొదలైంది, ఆ మరుసటి ఏడాది 29 దాకా ఊరించింది. ఆరు నెలల ముందే టికెట్లు కొనుక్కునేవాళ్ళు కొంత భారం దేవుడి మీద వేయాల్సిందే. 2025లో నిండు పూత ప్రకటించింది మార్చి 30న, సరిగ్గా మన ఉగాది రోజు.

ఇంక చోట్లు. అందరూ ముందు చెప్పేది ఉయెనో పార్కు. అక్కడ చూడాల్సింది పూలకంటే మనుషుల్ని. పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి చెట్టు కింద నీలం రంగు టార్పాలిన్ పరిచి, కాగితం మీద పేరు రాసి అంటించి, సాయంత్రం ఆఫీసువాళ్ళంతా వచ్చేదాకా కాపలా కూర్చుంటారు. మనం బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోమూ, ఇదీ అంతే. తేడా ఏంటంటే టార్పాలిన్ ఎక్కేముందు బూట్లు విప్పి వరసగా పెడతారు, లేచేటప్పుడు చెత్తంతా మూటగట్టుకుని పోతారు. మీరూ ఒక కవరు జేబులో పెట్టుకోండి. కొమ్మ మాత్రం పొరపాటున కూడా లాగకండి.

మెగురో నది రెండు గట్ల మీది కొమ్మలూ నీళ్ళ మీదకి వంగి కలుసుకుంటాయి, అందంగానే ఉంటుంది, కాదనను. కానీ శనివారం సాయంత్రం నాకామెగురో స్టేషన్‌లో దిగితే ఇసుక వేస్తే రాలదు. పొద్దున ఆరున్నరకి వెళ్ళండి, నదంతా మీ సొంతం! పిల్లలూ పెద్దవాళ్ళూ ఉంటే షింజుకు గ్యోయెన్ అనే తోటకి వెళ్ళండి. పెద్దలకి 500 యెన్‌ల టికెట్, మందు లోపలికి తీసుకెళ్ళనివ్వరు, అందుకే ప్రశాంతంగా ఉంటుంది. చాలా రకాల చెర్రీలున్నాయి కాబట్టి ఏప్రిల్ రెండో వారంలో చేరినవాళ్ళకి కూడా ముద్దమందారాల్లా రేకలు రేకలుగా పూసేవి దొరుకుతాయి.

కిచిజోజి దగ్గర ఇనొకషిరా చెరువులో హంస పడవలుంటాయి. జంటగా ఎక్కితే విడిపోతారని అక్కడొక నమ్మకం, ఒడ్డున గుడిలో ఉన్న బెంజాయితెన్ అమ్మవారికి అసూయట. ఈ బెంజాయితెన్ ఎవరనుకున్నారు? మన సరస్వతే, బౌద్ధంతో పాటు చైనా మీదుగా అక్కడికి చేరింది. చదువుల తల్లికి ఈ నింద ఏమిటో పాపం.

ఆకలేస్తే సుమిదా నది ఒడ్డుకి వెళ్ళి సకురామోచి తినండి. పల్చటి పిండి అట్టులో మన పూర్ణంలాంటి తీపి చిక్కుడు ముద్ద పెట్టి, ఉప్పులో ఊరేసిన చెర్రీ ఆకు చుడతారు. మొదటిసారి నేను పొట్టిక్క ఆకు తీసేసినట్టు ఆకు తీసి పక్కన పెట్టాను. పక్కనున్న పెద్దావిడ నవ్వి, ఆకుతో సహా కొరికి చూపించింది. ఆ ఉప్పగా తియ్యగా ఉండే రుచికి అలవాటు పడడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

నన్నడిగితే మాత్రం ఒకటే చెప్తాను, చిదోరిగాఫుచి, అంటే రాజప్రాసాదం కందకంలో ఒక భాగం. నిషి కసాయ్ నుంచి తోజాయ్ లైన్ మెట్రో ఎక్కితే రైలు మారకుండా కుదాన్‌షిత. అక్కడే ఉన్న యాసుకునిలో ఆ లెక్కపెట్టే చెట్టునీ చూసి, నడుచుకుంటూ కందకం దగ్గరికి వెళ్ళొచ్చు. గట్టు మీద చెట్లు, కింద నీళ్ళు, అద్దె పడవలు. అందరూ నిండు పూత రోజు ఎగబడతారు. మీరు నాలుగైదు రోజులాగి, కాస్త గాలి ఉన్న పనిదినం చూసుకుని వెళ్ళండి. రేకలు వానలా రాలి నీళ్ళ మీద తెట్టె కడతాయి, దాన్ని వాళ్ళు ‘హనా ఇకాదా’ అంటారు, పూల తెప్ప అని. తెడ్డు వేసినప్పుడు ఆ తెట్టె చీలి కింద నల్లటి నీళ్ళు కనిపిస్తాయి, పడవ ముందుకెళ్ళగానే మళ్ళీ మూసుకుంటుంది. ఇంటికొచ్చి జోడు విప్పితే మడమ దగ్గర తడిసి అంటుకుపోయిన రేకలు రెండు మూడు ఉంటాయి.