కాన్పుకొచ్చే బిడ్డ, గీకిన రంగు

(కడపలో ఒక అంగన్‌వాడీ కేంద్రం దగ్గర జరిగిన సామూహిక సీమంతాల సభలో ఒక రంగుల మేస్త్రీ మాట్లాడిన మాటలు)

సూపర్‌వైజర్ మేడమ్‌కి, టీచరమ్మకి, నర్సమ్మకి, గాజులు తొడిగించుకోను కూర్చున్న నా బిడ్డలందరికీ నమస్కారం. నేను రంగుల మేస్త్రీని. ముప్పై నాలుగేళ్లుగా ఈ ఊళ్లో ఇళ్లకు రంగులు వేస్తున్నా. ఈ గోడ మీద చిలుక, మామిడిపండు నా చేతివే. అవి వేసేటప్పుడు టీచరమ్మతో ఒక మాటన్నాను. అదే అందరి ముందూ చెప్పమని ఐదు నిమిషాలిచ్చారు.

కూతురు కాన్పుకు వస్తోందంటే మనం ఇంటికి రంగులు వేయిస్తాం. చుట్టాలొస్తారు, వియ్యపురాలు చూస్తుంది, గోడలు మాసి ఉంటే బాగుండదని. నాకు ఫోన్లు అప్పుడే వస్తాయి. "మేస్త్రీ, ఆదివారం పాప వస్తోంది, శనివారానికి అయిపోవాల." నా ఇంట్లో నేనూ అదే చేశా.

2008లో మా పెద్దమ్మాయి ఏడో నెలలో ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. మా ఇల్లు మా నాయన కట్టింది. తలుపులకు, కిటికీ ఊచలకు ఎన్ని పూతల ఆకుపచ్చ ఎనామిల్, అదే నూనె రంగు, ఉందో లెక్కలేదు. కొత్త రంగు పట్టాలంటే పాతది పోవాలని రెండు రోజులు ఉప్పు కాగితం పెట్టి పొడిపొడిగా రుద్దేశా. అల్లుడికి సెలవు దొరికి ఒకరోజు ముందే దిగబెట్టి పోయాడు. రంగు పలచన చేసే థిన్నర్ వాసనకు అమ్మాయికి తలనొప్పి, వాంతులు. "ఒక పూట ఓర్చుకోమ్మా, పోతుంది" అన్నా. అన్నది నేనే.

తెల్లారి లేచి చూస్తే మా నల్లటి కడప బండల మీద సన్నటి దుమ్ము, దాని మీద మంచం దగ్గర్నుంచి వంటింటి దాకా అమ్మాయి ఉత్త కాళ్ల అచ్చులు. ఐదు వేళ్లూ లెక్కపెట్టొచ్చు. మా ఇంటామె చీపురు తీసుకుంది. ఊడ్చేకొద్దీ ఆ దుమ్ము లేచి బియ్యం డబ్బా మీద, నీళ్ల బిందె మీద పడింది.

ఆస్పత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ వాసన గురించి రెండు మాటలే చెప్పింది. ఆ తర్వాత అడిగింది: "పాత రంగు గీకారా?" ఆ ఒక్క ప్రశ్న ఇప్పటికీ నా చెవిలో ఉంది. పాత ఎనామిల్లో సీసం ఉంటుందని, రంగు బాగా తేలడానికి, తొందరగా ఆరడానికి కలిపేవాళ్లని అప్పుడే తెలిసింది. గోడకు అంటుకుని ఉన్నన్నాళ్లూ అది ఊరికే ఉంటుంది. గీకితే దుమ్మై నోట్లోకి పోతుంది. తల్లి రక్తంలోంచి కడుపులోని మాయ దాటి బిడ్డకు చేరుతుంది, బిడ్డ మెదడును దెబ్బతీస్తుంది. నా మనవడు బాగానే పుట్టాడు, దేవుని కడపలో మొక్కు చెల్లించా. కానీ ఆ రెండు నెలలు నేను నిద్రపోలేదు.

ఇప్పుడు చట్టం వచ్చింది. 2016లో రూల్సు చేశారు, 2017 నవంబరు 1 నుంచి ఇళ్ల రంగుల్లో పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసం ఉండకూడదు. మంచిదే. కానీ అమ్మా, చట్టం కొత్త డబ్బాకే. మీ అమ్మగారింటి తలుపు మీద ఉన్న రంగు ఎప్పటిది?

అందుకే చెబుతున్నా. రంగు వేయకపోతే కొంపలేం మునగవు. వేయక తప్పదంటే అమ్మాయి రాకముందే పని అయిపోవాల, వాసన పోయేదాకా తలుపులు తెరిచి పెట్టాల. గోడలకు నీళ్లలో కలిపే ఎమల్షన్ చాలు. పాత ఎనామిల్ పెచ్చులు ఊడకుండా ఉంటే దాన్ని కదిలించొద్దు. గీకాల్సి వస్తే తడిపి గీకమనండి, చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడవమనండి. గీకి తుడిచేదాకా కడుపుతో ఉన్న మనిషి ఆ ఇంట్లోనే ఉండకూడదు. ఇక్కడిచ్చే గుడ్డు, పాలు, ఐరన్ మాత్రలు వదలొద్దు. ఒంట్లో ఐరన్, కాల్షియం తక్కువైతే సీసం ఇంకా ఎక్కువ పడుతుందంట.

టైమైందా మేడమ్? ఒక్క మాట, అసలు దానికోసమే వచ్చా.

మా ఇంటామె మూడు కాన్పుల్లోనూ నా పని బట్టలు చేత్తోనే ఉతికింది. బండ మీద వేసే ముందు దులిపేది, ఆ దుమ్మంతా ముఖాన పడేది. దులపొద్దని నేనొక్కసారీ చెప్పలేదు, నాకే తెలీదు కాబట్టి. మూడో వరుసలో పసుప్పచ్చ చీర కట్టుకున్న పాపా, మీ ఆయన నా దగ్గరే పని చేస్తాడు. రేపట్నుంచి ఆయన పని బట్టలు నా షెడ్డులోనే విప్పి, అక్కడే ఉతుక్కుని, స్నానం చేసి ఇంటికొస్తాడు. సబ్బు, బకెట్టు నేను పెడతా. ఎప్పుడైనా ఆ బట్టలతో గడప దగ్గరికొస్తే లోపలికి రానీయకు, నాకు ఫోన్ చెయ్యి.